పాఠ్యభాగం – 14: ప్రజాప్రతినిధి అర్హతలు – చారిత్రక పరిశీలన

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 ప్రస్తావన
14.2 ఉత్తరమేరూరు శాసనం: రెండు రకాల అర్హతలు
14.3 ఆస్తి అర్హత: బ్రిటన్, వలస భారతదేశం
14.4 రాజ్యాంగ పరిషత్తులో చర్చ
14.5 నేటి చట్టంలో అర్హతలు, అనర్హతలు
14.6 నేరచరిత్ర, ఓటరు తెలుసుకునే హక్కు
14.7 ధరావతు: నల్గొండ నుంచి నిజామాబాద్ వరకు
14.8 పంచాయతీల్లో తిరిగి వచ్చిన అర్హతలు
14.9 మదింపు
14.10 సారాంశం
14.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

• అభ్యర్థుల అర్హతలు కాలక్రమంలో ఎలా మారాయో వివరించగలుగుతారు.
• చదువు, ఆస్తి అర్హతలను రాజ్యాంగ నిర్మాతలు ఎందుకు పక్కన పెట్టారో చెప్పగలుగుతారు.
• అర్హత, అనర్హత, సమాచార వెల్లడి – ఈ మూడింటి మధ్య భేదాన్ని గుర్తించగలుగుతారు.
• పంచాయతీ స్థాయిలో విధించిన అర్హతలను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

14.1 ప్రస్తావన

సంపర్క తరగతుల్లో ఈ అంశానికి వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. "చిన్న గుమాస్తా ఉద్యోగానికి కూడా సర్టిఫికెట్లు చూపించమంటారు కదా సార్, చట్టాలు చేసేవారికి ఏ చదువూ ఎందుకు అక్కరలేదు?" ఈ ప్రశ్న అడిగే విద్యార్థి కోపంలో న్యాయం ఉంది. పగలంతా పనిచేసి, రాత్రి పుస్తకం ముందు కూర్చుని, ఒక్కో పేపరూ గట్టెక్కుతూ డిగ్రీ సంపాదించుకునే వ్యక్తికి ఆ సందేహం రావడం సహజం. భారత రాజ్యాంగం ఆమోదం పొందిన రోజున రాజ్యాంగ పరిషత్తు అధ్యక్షుడు కూడా దాదాపు ఇదే బాధను వ్యక్తం చేశారని మీరు ఈ పాఠంలో చూస్తారు.

అయితే చరిత్ర విద్యార్థిగా మీరు ఈ ప్రశ్నను కొంచెం మార్చి అడగాలి. 'ప్రతినిధికి అర్హత ఉండాలా?' అన్నంత మాత్రాన విషయం తేలదు. ఎవరు ఆ అర్హతను నిర్ణయించారు? దానివల్ల ఎవరు బయట ఉండిపోయారు? ఈ రెండు ప్రశ్నలు ప్రతి కాలానికీ వేసి చూస్తే అసలు విషయం బోధపడుతుంది. ఈ పాఠ్యభాగంలో మనం చేయబోయేది అదే.

14.2 ఉత్తరమేరూరు శాసనం: రెండు రకాల అర్హతలు

అభ్యర్థుల అర్హతల గురించి మన దేశంలో లభించిన అతి వివరమైన ప్రాచీన ఆధారం కాంచీపురం సమీపంలోని ఉత్తరమేరూరులో ఉంది. అది చోళరాజు మొదటి పరాంతకుని కాలం, అంటే క్రీ.శ. 10వ శతాబ్దం మొదటి భాగం. బ్రాహ్మణ అగ్రహారమైన ఆ ఊరి సభ తన ఉపసంఘాలకు సభ్యులను ఎలా ఎంపిక చేయాలో గుడి గోడ మీద చెక్కించింది. ఊరిని 30 వార్డులుగా విభజించారు. అర్హులైనవారి పేర్లను తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసేవారు. ఒక చిన్న పిల్లవాడి చేత వాటిలో ఒకటి తీయించేవారు. దీన్నే 'కుడవోలై' పద్ధతి అంటారు.

కుండలో పేరు పడాలంటే కొన్ని షరతులు ఉండేవి. పన్ను చెల్లించే భూమి పావు వేలి కంటే ఎక్కువ ఉండాలి. ('వేలి' తమిళదేశపు భూమి కొలత.) సొంత స్థలంలో కట్టుకున్న ఇల్లు ఉండాలి. వయసు 35 దాటి 70 లోపు ఉండాలి. వేద పరిజ్ఞానం ఉండాలి. శాస్త్ర పాండిత్యం అధికంగా ఉన్నవారికి భూమి విషయంలో కొంత సడలింపు ఇచ్చారు.

ఇవి కాక మరో రకం షరతులు ఉన్నాయి. గడచిన మూడేళ్లలో ఉపసంఘ సభ్యుడిగా ఉన్నవారు మళ్లీ పనికిరారు. అంతకుముందు పదవిలో ఉండి లెక్కలు అప్పగించనివారు పనికిరారు. వారి దగ్గరి బంధువులూ పనికిరారు. ఇతరుల సొత్తు అపహరించినవారూ అనర్హులే.

ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది మనిషి ఎవరు అని అడుగుతుంది: అతని భూమి ఎంత, ఇల్లు ఎక్కడ, చదువు ఏమిటి. రెండవది మనిషి ఏం చేశాడు అని అడుగుతుంది: లెక్కలు చూపాడా, పరుల సొమ్ము తిన్నాడా, పదవిని పట్టుకుని వేలాడుతున్నాడా. మొదటి రకాన్ని మనం 'స్థితి అర్హతలు' అనీ, రెండవ రకాన్ని 'నడవడి అర్హతలు' అనీ పిలుచుకుందాం. స్థితి అర్హతలు ఆ ఊళ్లో పొలం దున్నిన వారినీ, స్త్రీలనూ, ఇతర కులాలవారినీ ముందే బయట ఉంచాయి. నడవడి అర్హతలు మాత్రం లోపల ఉన్న పెద్దమనుషులను అదుపులో పెట్టాయి. ఈ భేదమే పాఠ్యభాగమంతటికీ తాళం చెవి వంటిది. దీన్ని గుర్తుంచుకుని ముందుకు సాగండి.

14.3 ఆస్తి అర్హత: బ్రిటన్, వలస భారతదేశం

ఆధునిక పార్లమెంటులకు మాతృకగా చెప్పే బ్రిటన్‌లోనూ మొదట స్థితి అర్హతలదే రాజ్యం. 1710 నాటి చట్టం ప్రకారం కౌంటీ నుంచి కామన్స్ సభకు ఎన్నికయ్యే వ్యక్తికి ఏటా 600 పౌండ్ల భూమి ఆదాయం, పట్టణ నియోజకవర్గం నుంచి ఎన్నికయ్యే వ్యక్తికి 300 పౌండ్ల ఆదాయం ఉండాలి. ఆస్తి ఉన్నవాడు ప్రలోభాలకు లొంగడనీ, దేశ క్షేమంలో అతనికే వాటా ఉంటుందనీ దీన్ని సమర్థించేవారు. 1838లో చార్టిస్టు ఉద్యమకారులైన కార్మికులు ప్రకటించిన ఆరు కోర్కెలలో సభ్యుల ఆస్తి అర్హతను రద్దు చేయడం ఒకటి, సభ్యులకు జీతం ఇవ్వడం మరొకటి. మొదటిది 1858లో, రెండవది 1911లో నెరవేరాయి. ఈ రెండు కోర్కెలకు సంబంధం ఉంది. జీతం లేని పదవికి, అర్హత ఏమీ లేకపోయినా, కూలి మానుకుని వెళ్లగలిగేవాడే పోటీ చేయగలడు. చట్టంలో రాయని అర్హతలు కూడా ఉంటాయన్న మాట.

బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలో శాసన సభలను ఏర్పాటు చేసినప్పుడు ఆస్తి అర్హతలను వెంట తెచ్చింది. 1861 చట్టం కింద అనధికార సభ్యులు కేవలం నియమితులు. 1909 సంస్కరణలు ఎన్నికను అంగీకరించినా, భూస్వాములకు, వర్తక సంఘాలకు, ముస్లింలకు విడివిడిగా స్థానాలు కేటాయించాయి. 1919 చట్టం కింద ఓటు భూమిశిస్తు మీద, ఆదాయపు పన్ను మీద, కొన్నిచోట్ల చదువు మీద ఆధారపడింది. కేంద్రంలోని ఎగువసభ అయిన రాజ్యమండలికి దేశం మొత్తం మీద ఓటర్లు సుమారు 17 వేల మంది మాత్రమే. 1935 చట్టం ఓటర్ల సంఖ్యను మూడు కోట్లు దాటించింది. అయినా వయోజనుల్లో అత్యధికులు బయటే ఉన్నారు.

స్త్రీల విషయం ప్రత్యేకంగా గమనించదగినది. 1919 చట్టం స్త్రీలకు ఓటు ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్ర శాసనమండళ్లకు వదిలింది. 1921లో మద్రాసు శాసనమండలి ఆ హక్కు ఇచ్చింది. కాని సభ్యత్వానికి తలుపు 1926లో గాని తెరుచుకోలేదు. ఓటు వేయడానికి పనికివచ్చిన వ్యక్తి ఓటు అడగడానికి పనికిరాదన్న విచిత్ర స్థితి ఆ ఐదేళ్లు నడిచింది. 1926లో కమలాదేవి ఛటోపాధ్యాయ మద్రాసు శాసనమండలికి పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. ఆ మరుసటి ఏడు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి అదే మండలికి సభ్యురాలిగా నియమితులై, ఉపాధ్యక్షురాలయ్యారు. దేవదాసీ వ్యవస్థ రద్దుకు ఆమె ఆ సభలో చేసిన కృషిని మీరు సంఘసంస్కరణ పాఠంలో చదివే ఉంటారు. తలుపు తెరవకముందు ఆ అంశాన్ని అంత పట్టుదలతో సభ ముందు ఉంచినవారు లేరు. ఒక అర్హత నియమం కొందరు వ్యక్తులను ఆపినప్పుడు వారితో పాటు కొన్ని సమస్యలను కూడా సభలోకి రాకుండా ఆపుతుందని దీనివల్ల తెలుస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I

గమనిక: సమాధానాలను మీ నోటుపుస్తకంలో ఐదు పంక్తులకు మించకుండా రాయండి.

1. స్థితి అర్హతలకు, నడవడి అర్హతలకు గల భేదాన్ని ఉత్తరమేరూరు శాసనం ఆధారంగా తెలపండి.
2. చార్టిస్టులు సభ్యులకు జీతం ఎందుకు కోరారు?

14.4 రాజ్యాంగ పరిషత్తులో చర్చ

స్వతంత్ర భారతదేశం ఎదుట ఉన్న పరిస్థితిని ముందు తలచుకోండి. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత నూటికి సుమారు 18. స్త్రీలలో అది 9కి కూడా చేరలేదు. అటువంటి దేశంలో వయోజనులందరికీ ఒకేసారి ఓటు ఇవ్వాలన్న నిర్ణయమే పెద్ద సాహసం. రాజ్యాంగ పరిషత్తు సభ్యుల్లో అధికులు కూడా పరిమిత ఓటు హక్కుతో ఎన్నికైన రాష్ట్ర శాసనసభల ద్వారా వచ్చినవారే. తమను ఎన్నుకున్న విధానాన్ని తామే రద్దు చేశారు.

ఓటరుకు చదువు అక్కరలేదన్న మాట ఖాయమైన తరువాత, అభ్యర్థికి ఏం కావాలన్న ప్రశ్న మిగిలింది. 1949 మే 18న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఈ విషయమై ఒక కొత్త అధికరణాన్ని ప్రతిపాదించారు. నేటి 84వ అధికరణానికి అదే మూలం. పార్లమెంటు సభ్యుడి పనికి ఓటరు పని కంటే ఎక్కువ పరిజ్ఞానం, లోకానుభవం కావాలని ఆయన స్వయంగా అంగీకరించారు. అయితే దానికి ఆయన ఎంచుకున్న కొలత డిగ్రీ కాదు, వయసు. పౌరసత్వం, వయసు మాత్రమే రాజ్యాంగంలో పెట్టి, మిగిలినవి పార్లమెంటు చట్టం ద్వారా నిర్ణయించుకోవచ్చని వదిలారు. చదువు అర్హత ఉండాలన్న వాదన కూడా సభలో వినిపించింది. సభ దాన్ని స్వీకరించలేదు.

ఈ చర్చలో ఒక తెలుగు మహిళ పాత్ర ఉంది. ఎగువసభ సభ్యత్వానికి ప్రతిపాదిత వయసు 35 ఏళ్లు. దాన్ని 30కి తగ్గించాలని దుర్గాబాయి సవరణ ప్రతిపాదించారు. సభ అంగీకరించింది. నేటికీ రాజ్యసభకు కనీస వయసు 30గా ఉండటానికి కారణం ఆ సవరణే. రాజమండ్రిలో పుట్టి, చిన్నతనంలోనే పెళ్లయి, బడి మానేసి, తరువాత బెనారస్ మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదువుకుని పైకి వచ్చిన వ్యక్తి ఆమె. తనలాంటి స్త్రీలను ఆ పరీక్షకు సిద్ధం చేయడంతోనే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. చదువు విలువ ఎంతటిదో, అది అందరికీ సకాలంలో అందదన్న సంగతి కూడా అంతే బాగా తెలిసిన వ్యక్తి ఆ సభలో కూర్చున్నారు.

ఇక ఎదుటి పక్షం మాట. 1949 నవంబర్ 26న రాజ్యాంగం ఆమోదానికి ముందు చేసిన ముగింపు ప్రసంగంలో అధ్యక్షుడు డాక్టర్ రాజేంద్రప్రసాద్ తనకు రెండు విచారాలు మిగిలాయని చెప్పారు. రాజ్యాంగాన్ని భారతీయ భాషలో రూపొందించుకోలేకపోవడం ఒకటి. శాసనసభ్యులకు అర్హతలు నిర్ణయించలేకపోవడం రెండవది. చట్టాన్ని అమలు చేసేవారికి ఉన్నత అర్హతలు కోరుతూ, చట్టాన్ని చేసేవారికి ఎన్నిక కావడం తప్ప మరేమీ కోరకపోవడం అసంగతమని ఆయన అభిప్రాయం. సంపర్క తరగతిలో విద్యార్థి అడిగే ప్రశ్న ఇదే కదా! కాని ఆయన అక్కడ ఆగలేదు. శాసనకర్తకు మేధస్సు కంటే సమతూకం గల దృష్టి, స్వతంత్రంగా వ్యవహరించే శక్తి, అన్నింటికంటే శీలం ముఖ్యమనీ, నైతిక గుణాలను కొలిచే కొలబద్ద కనిపెట్టడం సాధ్యం కాదనీ కూడా అన్నారు. అంటే కావలసినది కొలతకు అందదు, కొలతకు అందేది సరిపోదు. ఆయన విచారంలోనే ఆయన ప్రశ్నకు సగం జవాబు ఉంది.

1951–52లో 17.3 కోట్ల మందికి పైగా ఓటర్లతో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. చదవలేని ఓటరు కోసం ఎన్నికల గుర్తులు వచ్చాయి. సర్టిఫికెట్ లేని అభ్యర్థులు కూడా సభలకు వచ్చారు. వారిలో కె. కామరాజ్‌ను ఉదాహరణగా తీసుకోండి. బాల్యంలోనే బడి మానేసిన ఆయన, ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, 1954లో మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. 1963 వరకు ఆ పదవిలో ఉండి ఊరూరా బడులు తెరిపించారు, పేద పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. పదో తరగతి నియమం ఉండి ఉంటే ఆయన పోటీయే చేయలేకపోయేవారు.

14.5 నేటి చట్టంలో అర్హతలు, అనర్హతలు

పరీక్షల దృష్ట్యా ఈ వివరాలను గుర్తుంచుకోండి. లోక్‌సభ, శాసనసభలకు కనీస వయసు 25. రాజ్యసభ, శాసనమండలులకు 30. పంచాయతీలకు 21. ఓటు వయసును 61వ రాజ్యాంగ సవరణ 21 నుంచి 18కి తగ్గించినా పోటీ వయసు మారలేదు. అభ్యర్థి భారత పౌరుడై, ఓటర్ల జాబితాలో పేరు ఉండి, రాజ్యాంగానికి విధేయత ప్రకటిస్తూ ప్రమాణం చేయాలి. దేశ సార్వభౌమత్వాన్ని, సమగ్రతను కాపాడతానన్న మాటను 1963లో 16వ సవరణ ప్రమాణంలో చేర్చింది.

102, 191 అధికరణాలు అనర్హతలను చెబుతాయి. ప్రభుత్వంలో లాభదాయక పదవి, న్యాయస్థానం ధ్రువీకరించిన మతిస్థిమితం లేమి, తీరని దివాలా, పౌరసత్వం కోల్పోవడం, పార్లమెంటు చట్టం నిర్ణయించిన ఇతర కారణాలు వాటిలో ఉన్నాయి. 1985లో 52వ సవరణ ద్వారా పార్టీ ఫిరాయింపు చేరింది. ఈ జాబితాలో అధిక భాగం నడవడికి, పదవీ స్వార్థానికి సంబంధించినదేనని గమనించండి.

శాసనమండలి పట్టభద్రుల నియోజకవర్గం గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. అక్కడ ఓటరు పట్టభద్రుడై ఉండాలి. అభ్యర్థి కానవసరం లేదు. మద్రాసు శాసనమండలికి సంబంధించిన వివాదంలో సుప్రీంకోర్టు 1972లో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. పట్టభద్రులు తమ ప్రతినిధిగా ఎవరిని ఎన్నుకోవాలో వారి ఇష్టం.

14.6 నేరచరిత్ర, ఓటరు తెలుసుకునే హక్కు

1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 8వ సెక్షన్ శిక్ష పడినవారిని అనర్హులను చేస్తుంది. సాధారణంగా రెండేళ్లు, అంతకు మించి జైలుశిక్ష పడితే శిక్షాకాలంతో పాటు విడుదలైన తరువాత మరో ఆరేళ్లు పోటీకి వీల్లేదు. కాని పదవిలో ఉన్న సభ్యులకు ఒక మినహాయింపు ఉండేది. మూడు నెలల్లోగా అప్పీలు చేసుకుంటే అది తేలేవరకు పదవి పోదు. సామాన్యుడికి ఒక నియమం, సభ్యుడికి ఒక నియమం అన్న మాట. 2013 జులై 10న లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఈ మినహాయింపును కొట్టివేసింది. ఆ తీర్పు ప్రభావాన్ని తప్పించడానికి మంత్రివర్గం ఆమోదించిన ఆర్డినెన్సు ముసాయిదాను తీవ్ర విమర్శల మధ్య ఉపసంహరించుకున్నారు.

శిక్ష పడకముందు, కేసు నడుస్తున్న దశలోనే అభ్యర్థిని ఆపవచ్చా? ఇది కష్టమైన ప్రశ్న. ఆపకపోతే, విచారణ ఏళ్ల తరబడి సాగుతున్నంత కాలం నిందితుడు శాసనకర్తగా ఉంటాడు. ఆపితే, నామినేషన్ల ముందు ప్రత్యర్థి మీద కేసు పెట్టించడం సులభమైన ఆయుధం అవుతుంది. కొత్త అనర్హతలను చేర్చే అధికారం పార్లమెంటుదేనని 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అభ్యర్థి, పార్టీ ఆ కేసుల వివరాలను విస్తృతంగా ప్రకటించాలని ఆదేశించింది. అటువంటి వ్యక్తిని ఎందుకు ఎంపిక చేశారో పార్టీలు కారణం చెప్పాలని 2020లో మరో అడుగు ముందుకు వేసింది.

ఈ మార్గానికి పునాది అంతకుముందే పడింది. అహ్మదాబాద్‌లోని కొందరు మేనేజ్‌మెంట్ ఆచార్యులు 1999లో స్థాపించిన అసోసియేషన్ ఫర్ డెమొక్రాటిక్ రిఫార్మ్స్ వేసిన కేసులో 2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అభ్యర్థి నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు, చదువు – ఇవి తెలుసుకోవడం ఓటరు హక్కు అని ప్రకటించింది. దాన్ని పరిమితం చేస్తూ తెచ్చిన చట్ట సవరణను 2003 మార్చిలో కోర్టు కొట్టివేసింది. ఇదే కాలంలో మన రాష్ట్రంలో లోక్‌సత్తా ఉద్యమం కూడా రాజకీయాల్లో నేరస్థుల ప్రవేశంపై విస్తృతంగా ప్రచారం చేసింది. నేడు నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్ ఈ పోరాట ఫలితమే.

ఇందులోని సూత్రాన్ని గ్రహించండి. అర్హత నియమం ఓటరు బదులు తానే నిర్ణయం తీసుకుంటుంది. సమాచార వెల్లడి నిర్ణయాన్ని ఓటరుకే వదిలి, అతని చేతికి దీపం ఇస్తుంది. అభ్యర్థి చదువు కూడా అఫిడవిట్‌లో ఉంటుంది. చదువుకున్నవారే కావాలనుకునే ఓటరు ఆ వివరం చూసి ఓటు వేయవచ్చు. ఎవరూ అడ్డుకోరు.

14.7 ధరావతు: నల్గొండ నుంచి నిజామాబాద్ వరకు

చట్టం ఆస్తి అర్హతను తొలగించినా ధరావతు రూపంలో దాని నీడ మిగిలింది. నామినేషన్‌తో కట్టే ఈ డిపాజిట్, పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు రాకపోతే తిరిగి రాదు. లోక్‌సభకు చాలాకాలం ఇది 500 రూపాయలే. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి సగం.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీటి వల్ల ఎముకలు వంగిపోతున్న తమ గోడును దేశం దృష్టికి తేవడానికి అక్కడి ప్రజలు ఎంచుకున్న మార్గం అది. బ్యాలెట్ పత్రం చిన్న పుస్తకమంత అయింది. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద 13,952 మంది బరిలో ఉన్నారు. అదే ఏడు లోక్‌సభ ధరావతును 10,000 రూపాయలకు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీ మద్దతు లేని అభ్యర్థిని పది మంది ఓటర్లు ప్రతిపాదించాలన్నారు. 1998లో అభ్యర్థుల సంఖ్య 4,750కి పడిపోయింది. ఆకతాయి నామినేషన్లు తగ్గాయని అధికారులు సంతోషించారు. నల్గొండవాసి దృష్టిలో అది ఆకతాయితనమా?

2009లో లోక్‌సభ ధరావతు 25,000 రూపాయలు, శాసనసభ ధరావతు 10,000 రూపాయలు అయ్యాయి. అయినా 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీపడ్డారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు వారి డిమాండ్లు. అంతమంది పేర్లకు సరిపోయేలా ఎన్నికల సంఘం ప్రత్యేకంగా ఓటింగ్ యంత్రాలను ఏర్పాటు చేయాల్సి వచ్చింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. పోటీ చేసే హక్కు గెలవడానికే కాదు, వినిపించడానికి కూడా ఉపయోగపడుతుందని ఈ రెండు సంఘటనలు చెబుతున్నాయి. ధరావతు పెరిగిన కొద్దీ ఆ గొంతు ఖరీదు పెరుగుతుంది.

ధరావతు కంటే పెద్దది ప్రచార ఖర్చు. 2022లో పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితిని 95 లక్షలకు, శాసనసభ అభ్యర్థి పరిమితిని 40 లక్షలకు పెంచారు. పరిమితే ఇంత ఉన్నప్పుడు, ఏ పుస్తకంలోనూ రాయని ఆస్తి అర్హత ఎలా పనిచేస్తోందో మీరే ఊహించుకోవచ్చు.

14.8 పంచాయతీల్లో తిరిగి వచ్చిన అర్హతలు

1992 నాటి 73వ సవరణ పంచాయతీల్లో మూడో వంతు స్థానాలను మహిళలకు కేటాయించింది. దళిత, ఆదివాసీ మహిళలు మొదటిసారి పెద్ద సంఖ్యలో సర్పంచులు, వార్డు సభ్యులు అయ్యారు. సరిగ్గా అక్కడే స్థితి అర్హతలు వెనుక తలుపు నుంచి తిరిగి వచ్చాయి.

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 ఇద్దరికి మించి సంతానం ఉన్నవారిని, నిర్ణీత గడువు తరువాత జరిగిన జననాలకు వర్తించేలా, అనర్హులను చేసింది. హర్యానాలోని ఇటువంటి నియమాన్నే 2003లో జావేద్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఎంతమంది బిడ్డలన్న నిర్ణయం తన చేతిలో లేని స్త్రీకి కూడా ఈ నియమం సమానంగా వర్తించింది. శాసనసభ్యుడికి, పార్లమెంటు సభ్యుడికి మాత్రం వర్తించలేదు. జననాల రేటు పడిపోతోందన్న ఆందోళనతో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబర్‌లో ఈ నియమాన్ని తొలగించింది. ముప్పై ఏళ్ల పాటు అనర్హతగా ఉన్నది జనాభా విధానం మారగానే అనర్హత కాకుండా పోయింది. అంటే అది ప్రతినిధి సామర్థ్యానికి సంబంధించిన నియమం ఎన్నడూ కాదన్న మాట.

చదువు నియమం మరింత స్పష్టమైన ఉదాహరణ. 2014 డిసెంబర్‌లో రాజస్థాన్ సర్పంచికి ఎనిమిదో తరగతి తప్పనిసరి చేసింది. 2019లో దాన్ని రద్దు చేసింది. 2015లో హర్యానా పదో తరగతి నియమం తెచ్చింది. మహిళలకు, దళితులకు కొంత సడలింపు ఇచ్చింది. ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలనీ, వ్యవసాయ రుణాలు, విద్యుత్ బకాయిలు ఉండకూడదనీ షరతులు పెట్టింది. 2015 డిసెంబర్ 10న రాజబాల కేసులో న్యాయమూర్తులు జాస్తి చలమేశ్వర్, ఎ.ఎం. సప్రేల ధర్మాసనం ఈ చట్టాన్ని సమర్థించింది. మంచిచెడ్డల విచక్షణ చదువు వల్లనే కలుగుతుందన్నది తీర్పులోని ప్రధాన తర్కం. ప్రభుత్వం చూపిన లెక్కల ప్రకారమే హర్యానా గ్రామాల్లో 20 ఏళ్లు పైబడిన వారిలో నూటికి సుమారు 57 మంది మాత్రమే చదువు నియమం దాటగలరు. మిగిలిన 43 మందిలో అధికులు ఎవరై ఉంటారో చెప్పనవసరం లేదు.

ఫలితాన్ని ఒకసారి ఇలా చూడండి. ఊరి వీధిదీపాలు చూసుకునే సర్పంచికి పదో తరగతి కావాలి. దేశానికి బడ్జెట్ ఆమోదించే పార్లమెంటు సభ్యుడికి అక్కరలేదు. నియమం చేసినవారు తమకు వర్తించే నియమం చేసుకోలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – II

1. అర్హత నియమానికి, సమాచార వెల్లడికి తేడా ఏమిటి?
2. నల్గొండ (1996), నిజామాబాద్ (2019) ఎన్నికలు పోటీ చేసే హక్కు గురించి ఏం చెబుతున్నాయి?

14.9 మదింపు

చదువుకున్న ప్రతినిధులు కావాలని కోరుకోవడం తప్పు కాదు. బిల్లు చదవగలగడం, లెక్కలు అర్థం చేసుకోగలగడం ప్రతినిధికి నిజంగా అవసరమే. చదవలేని సర్పంచి చేత కార్యదర్శి ఖాళీ కాగితాల మీద వేలిముద్ర వేయించుకునే ప్రమాదం ఉందన్న వాదనను తేలికగా కొట్టిపారేయకండి. కాని దానికి మందు ఆ సర్పంచికి శిక్షణ ఇవ్వడం, తీర్మానాలను గ్రామసభలో పైకి చదివి వినిపించడం. ఆమెను ఇంటికి పంపితే మోసం చేసే కార్యదర్శి అక్కడే ఉంటాడు.

పైగా చదువు అందరికీ అందించవలసిన బాధ్యత రాజ్యానిది. రాజ్యాంగంలోని 45వ అధికరణం అప్పట్లోనే, పదేళ్లలో 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం కృషి చేయాలని చెప్పింది. ఆ మాట నిలబెట్టుకోని రాజ్యమే, బడి అందని వ్యక్తిని బడికి వెళ్లలేదన్న కారణంతో అనర్హురాలిని చేస్తే తప్పు చేసినవారికి కాక నష్టపోయినవారికి శిక్ష పడినట్లవుతుంది.

మీరు ఈ పుస్తకాన్ని చేతిలో పట్టుకున్న తీరునే ఆలోచించండి. మీలో కొందరు ఇంటర్ చదవకుండా అర్హత పరీక్ష రాసి ఈ కోర్సులో చేరారు. కొందరు పెళ్లయిన పదేళ్లకు మళ్లీ పుస్తకం పట్టారు. సర్టిఫికెట్ లేనంత మాత్రాన శక్తి లేనట్లు కాదన్న నమ్మకం మీదే సార్వత్రిక విద్య నిలబడి ఉంది. నలభై ఏళ్ల పాటు పాఠాలు చెప్పిన నేను డిగ్రీల విలువను తక్కువ చేయను. అయితే మీరు ఈ కోర్సులో చేరడానికి ముందు రోజు ఊరి బాగోగులు ఆలోచించగలిగినవారే, ఓటు అడగడానికి తగినవారే. ఆ రోజు మీకు లేని సర్టిఫికెట్ ఇవాళ మరొకరికి లేదు.

మరి మొదటి ప్రశ్నకు జవాబు ఏమిటి? గుమాస్తాను ఎంపిక చేసేది అధికారి. అతనికి కొలబద్ద కావాలి కాబట్టి సర్టిఫికెట్ అడుగుతాడు. ప్రతినిధిని ఎంపిక చేసేది మీరు. కొలబద్ద మీ దగ్గరే ఉంది. దాన్ని చట్టం చేతికి ఇవ్వకుండా, మీరే సరిగా వాడాలి. అఫిడవిట్ చదవాలి, పాత లెక్కలు అడగాలి, డబ్బు పుచ్చుకోకూడదు. ఉత్తరమేరూరు పెద్దలు వదిలివెళ్లిన వాటిలో భూమి షరతు కాలగర్భంలో కలిసింది. లెక్కలు చూపనివాడికి మళ్లీ పదవి లేదన్న షరతు మాత్రం నేటికీ పనికివస్తుంది.

14.10 సారాంశం

అభ్యర్థుల అర్హతలు రెండు రకాలు. ఆస్తి, చదువు, లింగం వంటి స్థితి అర్హతలు కొన్ని వర్గాలను ముందే బయట ఉంచాయి. శిక్ష, ఫిరాయింపు, లెక్కలు చూపకపోవడం వంటి నడవడి నియమాలు అధికారంలో ఉన్నవారిని అదుపు చేస్తాయి. వలస పాలనలో స్థితి అర్హతలదే పైచేయి. రాజ్యాంగ పరిషత్తు వాటిని వయసు, పౌరసత్వాలకు పరిమితం చేసింది. రాజేంద్రప్రసాద్ దీనిపై విచారం వ్యక్తం చేసినా, శీలానికి కొలబద్ద లేదని అంగీకరించారు. 2002 తరువాత న్యాయస్థానాలు సమాచార వెల్లడి మార్గాన్ని బలపరిచాయి. మరోవైపు ధరావతు, ప్రచార ఖర్చు రాయని ఆస్తి అర్హతగా పనిచేస్తున్నాయి. పంచాయతీ స్థాయిలో చదువు, సంతాన నియమాలు బలహీన వర్గాలపైనే ఎక్కువ భారం మోపాయి.

14.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. అభ్యర్థుల అర్హతలపై రాజ్యాంగ పరిషత్తులో జరిగిన చర్చను సమీక్షించండి.
2. పంచాయతీ ఎన్నికల్లో చదువు, సంతాన నియమాలను విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. ఉత్తరమేరూరు శాసనంలోని అర్హతలను వివరించండి.
2. 2002, 2013 సంవత్సరాల సుప్రీంకోర్టు తీర్పుల ప్రాముఖ్యం తెలపండి.
3. ధరావతు పెంపు వల్ల కలిగిన ఫలితాలను చర్చించండి.

III. అభ్యాసం: మీ నియోజకవర్గంలో గత ఎన్నికల్లో పోటీ చేసిన ఇద్దరు అభ్యర్థుల అఫిడవిట్లను ఎన్నికల సంఘం వెబ్‌సైటులో చూడండి. వాటిలో స్థితిని తెలిపే వివరాలు ఏవి, నడవడిని తెలిపే వివరాలు ఏవి అన్నది ఒక పట్టికగా రాసి, మీ ఓటుకు ఏ వివరం ముఖ్యమో కారణాలతో ఒక పేజీ రాయండి.